సంతకానికి ముందు, సంతకం తరువాత: ఇంటికొచ్చి అమ్మేవాళ్లతో వ్యవహారం

(బెంగళూరులో మారతహళ్ళి దగ్గరి ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ఆదివారం ఉదయం తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కాఫీలు చల్లారకముందే అసలు మాటలోకి వస్తాను.

మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఇంటికొచ్చి ఎవరైనా ఏదైనా అమ్మితే మూడు రోజుల్లోగా వద్దనేసి డబ్బు మొత్తం వెనక్కి తీసుకోవచ్చని. ఇది ఎక్కడిదంటే, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు ఫోన్లో చెప్పింది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అక్కడ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఒకటి ఉంది. ఇంట్లో జరిగిన అమ్మకం 25 డాలర్లు, ఆ పైన అయితే మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. కానీ అది అమెరికాది. ఇక్కడ, కర్ణాటకలో గానీ ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ, ఇంటికొచ్చి అమ్మిన ప్రతి వస్తువుకీ వర్తించే అలాంటి హక్కు లేదు. బీమా పాలసీకి ఉంది, 30 రోజుల ఫ్రీ లుక్, అంటే పాలసీ చదివి చూసి వద్దనే గడువు. కొన్ని రకాల అప్పులకు ఉంది. ఒక రకం అమ్మకాలకు ఉంది. మాడ్యులర్ కిచెన్‌కి, వాటర్ సాఫ్ట్‌నర్‌కి, వాటర్‌ప్రూఫింగ్‌కి మాత్రం మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏం రాసుందో, సంతకం పెట్టాక మీరు ఎంత తొందరగా, ఏ రూపంలో వద్దన్నారో, దాన్ని బట్టే ఉంటుంది. అందుకే సంతకానికి ముందు సంగతులు కాస్త ఎక్కువసేపు చెబుతాను.

మొదట నీళ్ల దగ్గర మొదలుపెడదాం. మన వైపు సగం ఇళ్లకు కావేరి నీళ్లు, సగం ఇళ్లకు బోరు, ట్యాంకరు. ఈ గందరగోళమే వాళ్లకు పెట్టుబడి. ఒకతను వస్తాడు, రెండు గ్లాసుల్లో నీళ్లు పోస్తాడు. ఒకటి మీ కుళాయివి, ఒకటి వాళ్ల ఆర్వో మెషీన్‌వి. కడ్డీలున్న చిన్న పరికరం రెండింటిలో ముంచి ప్లగ్ పెడతాడు. నిమిషం తిరక్కుండానే మీ కుళాయి నీళ్లు తుప్పు రంగుకో, నల్లటి పచ్చకో తిరిగి మడ్డి తేలుతుంది. వాళ్ల నీళ్లు అద్దంలా ఉంటాయి. చూసిన అమ్మమ్మ గుండె జారిపోతుంది.

అక్కడ జరిగేది ఏమిటంటే, ఆ కడ్డీల్లో ఇనుముది ఉంటుంది. నీళ్లలో కరిగిన ఉప్పుల వల్ల కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరుగుతుంది. ఆ మడ్డి అంతా కడ్డీలోంచి వచ్చిన తుప్పే, మీ నీళ్లలోది కాదు. ఆర్వో నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు గనక కరెంటు పారదు, కడ్డీ కరగదు. దీనికి విరుగుడు వంటింట్లోనే ఉంది. "మీ మెషీన్ నీళ్లలో చిటికెడు ఉప్పేసి మళ్లీ పెట్టండి" అనండి. అవీ రంగు మారతాయి. ప్లగ్‌లో ఉండగా మీరు మాత్రం గ్లాసు ముట్టుకోకండి, అది నేరుగా ఇంటి కరెంటు.

ఇంకో నాటకం చుక్కలది. నీళ్లలో రెండు చుక్కలేస్తే పసుపు రంగు వస్తుంది. "చూశారా, విషం" అంటాడు. ఆ చుక్కలు క్లోరిన్‌ని పట్టేవి. పసుపు వచ్చిందంటే నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు, అంటే క్రిములు చంపే మందు పనిచేస్తున్నట్టు. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, చెబుతోంది. రంగు రాకపోతేనే కంగారుపడాలి!

(నవ్వులు)

టీడీఎస్ మీటరు కూడా అంతే. అది చూపించేది కరిగిన ఉప్పుల అంచనా మాత్రమే. క్రిములు ఉన్నాయో లేదో, సీసం ఉందో లేదో దానికి తెలియదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మామూలుగా ఆమోదించేదే. వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. మీటరులో 180 చూపించి ఆర్వో అమ్మబోతున్నాడంటే మీకు అక్కర్లేనిది అంటగడుతున్నాడని అర్థం. పైగా మామూలు ఆర్వోలో ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు మోరీలోకి పోతాయి.

సాఫ్ట్‌నర్ విషయంలో ఒక లెక్క చెబుతాను, రాసుకోండి. సాఫ్ట్‌నర్ టీడీఎస్ తగ్గించదు. కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం పెడుతుంది, అంతే. టీడీఎస్ తగ్గుతుందన్నవాడికి తన వస్తువు తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నాడు. ఇక పరిమాణం. మీ బోరు నీటి కాఠిన్యం, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం, లీటరుకు 500 మిల్లీగ్రాములు, ఇంటి వాడకం రోజుకు 500 లీటర్లు అనుకోండి. అంటే రోజుకు 250 గ్రాముల కాఠిన్యం తీయాలి. లీటరు రెజిన్, అంటే కాఠిన్యాన్ని పట్టే లోపలి పూసలు, ఒక విడతకు సుమారు 50 గ్రాములు పడుతుంది. 25 లీటర్ల రెజిన్ ఉంటే అయిదు రోజులు నడుస్తుంది, ఆ తరువాత ఉప్పునీళ్లతో కడగాలి. ఒక్కో కడుగుకు మూడున్నర కిలోల దాకా ఉప్పు, నెలకు ఇరవై కిలోల పైన. ఇప్పుడు అతన్ని అడగండి: రెజిన్ ఎన్ని లీటర్లు? ఒక విడతకు ఎన్ని లీటర్ల నీళ్లు? ఎన్ని కిలోల ఉప్పు? "మెయింటెనెన్సే ఉండదు మేడమ్" అన్నాడంటే ఆ నెలనెలా ఉప్పు బస్తా ఎవరు మోస్తారో కూడా అడగండి.

గోడ చెమ్మ చూపించే మీటరుదీ ఇదే కథ. రెండు సూదులు గుచ్చితే ఎర్ర లైటు వెలుగుతుంది. చాలా మీటర్లు కర్ర కోసం చేసినవి. గోడ సున్నంలో ఉప్పు పేరుకుని ఉంటే తడి లేకపోయినా ఎక్కువే చూపిస్తాయి. పైన ఏ బాత్రూం ఉంది, ఏ పైపు పోతోంది అన్నది తెలుసుకోకుండా గోడకు రసాయనం పూస్తామన్నవాడిని పంపించేయండి.

సరే, వస్తువు పరీక్ష అయింది. ఇప్పుడు ధర నాటకం. మొదట 58 వేలు అంటాడు. మీరు మొహం ముడుచుకోగానే బాల్కనీలోకి వెళ్లి మేనేజర్‌కి ఫోను. తిరిగొచ్చి 41 వేలు, కానీ ఇవాళ ఒక్కరోజే. రేపటికి ఆ ధర ఎందుకు ఉండదు? మీ ఇంటి గోడ మారదు, వాళ్ల గోడౌను మారదు. మీరు ఇంకో రెండు చోట్ల అడగకూడదనే ఆ గడువు. ఇదే పని ఆన్‌లైన్‌లో చేస్తే, అంటే లేని తొందర సృష్టిస్తే, కేంద్రం 2023 నవంబరు 30న ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుగడల, మార్గదర్శకాల్లో అది నిషిద్ధం.

మనకు అడ్డొచ్చేది మొహమాటం. గంటన్నర కూర్చున్నాడు, మంచినీళ్లిచ్చాం, కాఫీ ఇచ్చాం, ఇప్పుడు వద్దంటే ఎలా అని. కారణం చెప్పకండి. డబ్బుల్లేవంటే ఈఎంఐ తీస్తాడు. ఆయన ఊళ్లో లేరంటే ఆయన వచ్చే రోజు అడుగుతాడు. అద్దె ఇల్లంటే ఓనర్ నంబరు అడుగుతాడు. ప్రతి కారణమూ అతనికి ఒక కొక్కెమే. "మా ఇంట్లో కూర్చుని ఏదీ కొనం. కొటేషన్ మెయిల్ చేయండి" అని ఒకే మాట, మూడుసార్లు. తెలుగులో వద్దండి, కన్నడలో బేడ, హిందీలో నహీ చాహియే, ఆ పైన తలుపు. వెళ్లమన్నా వెళ్లకుండా బెదిరించేలా కూర్చుంటే గేటు సెక్యూరిటీని పిలవండి, అవసరమైతే 112. పిలిస్తే వచ్చినవాడైనా సరే, బెదిరించడానికి, అవమానించడానికి ఇంట్లోనే ఉండిపోతే అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 329 కింద నేరం.

అసోసియేషన్ వాళ్లకు ఒక మాట. శనివారం క్లబ్‌హౌస్‌లో స్టాల్ పెట్టారంటే ఆ కంపెనీని అసోసియేషన్ ఒప్పుకున్నట్టేనని ఇళ్లలో అనుకుంటారు. మీరు తీసుకున్నది స్టాల్ అద్దె. ఆ సంగతి స్టాల్ దగ్గర బోర్డు మీద రాసి పెట్టండి.

ఇప్పుడు కాగితం. ఆర్డరు ఫారంలో ముందు చూడాల్సింది ధర కాదు, వెనక పేజీ. "బుకింగ్ మొత్తం తిరిగి ఇవ్వబడదు" అని ఉంటే దాన్ని కొట్టేసి, "మెటీరియల్ కటింగ్ మొదలయ్యేలోపు రద్దు చేస్తే పూర్తి మొత్తం 15 రోజుల్లో వాపసు" అని చేత్తో రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి. కటింగ్ అని ఎందుకంటున్నానంటే, కిచెన్‌లో అసలు గీత అదే. మీ వంటింటి కొలతకు ప్యానెల్ కోశాక అది ఇంకెవరికీ పనికిరాదు, కంపెనీ నష్టం నిజమైన నష్టం. అంతకుముందు అయితే డిజైనర్ రెండు మూడు సార్లు వచ్చిపోయిన ఖర్చు, కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు. దానికి లక్ష రూపాయలు ఉంచేసుకుంటామంటే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ఉంది. ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా, దానికి మించకుండా న్యాయమైన పరిహారమే దక్కుతుంది, రాసుకున్నదంతా కాదు.

కొటేషన్‌లో చదరపు అడుగు ధర ఒక్కటే ఉంటే సంతకం పెట్టకండి. లోపలి పెట్టెకు ఏ ప్లైవుడ్, తలుపుకు ఏది, విడివిడిగా రాయించండి. నీళ్లు తగిలే సింకు కింద ఐఎస్ 710 అని రాస్తే అది మెరైన్ ప్లైవుడ్. ఐఎస్ 303 అన్నది మామూలు ప్లైవుడ్, అందులో మళ్లీ బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లను తట్టుకునే రకం) వేరు, ఎంఆర్ (తేమను మాత్రం తట్టుకునే రకం) వేరు. "వాటర్‌ప్రూఫ్ ప్లై" అనే మాటకు ఏ అర్థమూ లేదు. దింపినప్పుడు షీటు మీది ముద్ర ఫోటో తీసుకోండి, ల్యామినేట్ అతికించాక కనబడదు.

ఇంకొక చిన్న అక్షరాల వాక్యం ఉంటుంది: "ఈ ఆర్డరు కంపెనీ అంగీకారానికి లోబడి ఉంటుంది." వాళ్లు తమ సౌకర్యం కోసం పెట్టుకున్నారు. అది మీకూ పనికొస్తుంది. అలా ఉంటే మీరు ఇచ్చింది ప్రతిపాదన మాత్రమే. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 5 ప్రకారం, వాళ్లు అంగీకారం పంపేలోపు మీరు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. సాయంత్రం ఏడింటికి సంతకం పెట్టారు, ఆర్డర్ కన్‌ఫర్మేషన్ మెయిల్ మర్నాడు మధ్యాహ్నం వస్తుంది. మధ్యలో ఉన్న ఆ రాత్రి మీది. పదింటికి మనసు మారితే పదీ అయిదుకి మెయిల్ పెట్టండి, తెల్లారి ఫోన్ చేద్దాం అనుకోకండి.

ఇందాక ఒక రకం అమ్మకాలకు హక్కుందన్నాను. అది డైరెక్ట్ సెల్లింగ్, అంటే సభ్యుల నెట్‌వర్క్ ద్వారా, దుకాణం లేకుండా అమ్మే పద్ధతి. వాటర్ ఫిల్టర్లు, వంటపాత్రలు ఇలా కూడా వస్తాయి, తరచుగా మన బంధువుల చేతుల మీదుగానే. 2021 డిసెంబరు 28న వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు లేకుండా, ముందు అనుమతి తీసుకోకుండా అమ్మకందారు మీ ఇంటికి రాకూడదు. ఆర్డరు రద్దు చేసే హక్కు, తిరిగి అమ్మగలిగే స్థితిలో వస్తువు వాపసిచ్చి పూర్తి డబ్బు పొందే హక్కు గురించి అమ్మేటప్పుడే మీకు చెప్పాలి. కాబట్టి సీల్ విప్పకముందే తేల్చుకోండి. మామూలు కంపెనీ జీతానికి పంపిన సేల్స్‌మన్‌కి ఈ నిబంధనలు వర్తించవు, అక్కడ చాలామంది పొరబడతారు.

ఆన్‌లైన్‌లో బుక్ చేసినదైతే 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నాయి. తాము రద్దు చేసినప్పుడు తామూ అలాంటి ఛార్జీ భరిస్తేనే తప్ప, మీరు రద్దు చేసినందుకు ఛార్జీ వేయకూడదు. అందుకే వీలైతే ఆర్డరు వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో మీ చేత్తో మీరే పెట్టండి.

ఉచిత ట్రయల్ సంగతి. "ఏడు రోజులు వాడి చూడండి, నచ్చకపోతే తీసుకెళ్తాం." వస్తు విక్రయ చట్టం 1930లో సెక్షన్ 24 ఏమంటుందంటే, గడువు పెట్టి ఇచ్చిన వస్తువును వద్దని చెప్పకుండా గడువు దాటి ఉంచుకుంటే కొన్నట్టే. ఊరుకోవడమే ఒప్పుకోవడం. ఆరో రోజే వాట్సాప్‌లోనూ మెయిల్‌లోనూ "వద్దు, తీసుకెళ్లండి" అని రాయండి. మోసుకెళ్లి ఇవ్వాల్సిన పని మీది కాదు. సెక్షన్ 43 ప్రకారం తిరస్కరిస్తున్నట్టు తెలియజేస్తే చాలు. ఆ తరువాత మాత్రం వాడకండి. టైల్‌కి వేసిన కన్నాలు ఎవరు పూడ్చాలో ముందే రాయించుకోండి, ఓనర్‌ అడ్వాన్సులో కోసేది దానికే.

అసలు ప్రమాదం ఈఎంఐలో ఉంది. "వెరిఫికేషన్ కోసం ఒక ఓటీపీ వస్తుంది మేడమ్" అంటాడు. ఆ ఓటీపీ వెరిఫికేషన్ కాదు, అప్పుకు మీ సమ్మతి. మెసేజ్ మొత్తం చదవండి, అందులో అప్పిచ్చే సంస్థ పేరుంటుంది. ఇంకో ఓటీపీ మీ బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా కోతకు. అక్కడితో రెండు ఒప్పందాలయ్యాయి, ఒకటి అమ్మినవాడితో, ఒకటి అప్పిచ్చినవాడితో. ఆర్డరు రద్దయినంత మాత్రాన అప్పు రద్దు కాదు. వస్తువు లేదు గదా అని ఈఎంఐ ఆపేస్తే సిబిల్, అంటే అప్పు తీర్చే తీరుకిచ్చే స్కోరు, దెబ్బతినేది మీది.

డిజిటల్ అప్పులకు రిజర్వు బ్యాంకు కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే గడువు, పెట్టింది. 2025 ఆదేశాల ప్రకారం కనీసం ఒక రోజు. మీ అప్పుకు ఎన్ని రోజులన్నది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పేజీలో రాసి ఉండాలి. ఆ గడువులో అసలు, వాడిన రోజుల ఖర్చు మాత్రం కట్టి బయటపడొచ్చు, జరిమానా ఉండదు. ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు ఉంచుకోవచ్చు. చిక్కేమిటంటే, డబ్బు అప్పటికే అమ్మినవాడి ఖాతాలోకి వెళ్లి ఉంటుంది. అప్పు తీర్చేది మీ జేబులోంచి, రాబట్టుకునేది అతని దగ్గర్నుంచి. అందుకే ఒకే గంటలో రెండు మెయిళ్లు వెళ్లాలి. క్రెడిట్ కార్డు ఈఎంఐ దీనికిందికి రాదు, దానికి కార్డు బ్యాంకులో డిస్ప్యూట్, అంటే ఆ ఛార్జీ ఒప్పుకోనని ఫిర్యాదు, వేయాలి.

రద్దు మెయిల్ పొడుగ్గా ఉండకూడదు. ఆర్డరు నంబరు, తేదీ, కట్టిన మొత్తం. "ఈ ఆర్డరును ఇప్పుడే రద్దు చేస్తున్నాను." ఇన్ని రోజుల్లో ఈ ఖాతాకు వాపసు చేయండి. ఇక నా ఇంట్లో ఏ పనీ మొదలుపెట్టవద్దు, ఏ వస్తువూ దింపవద్దు. కోపం, కథ, క్షమాపణ ఏవీ వద్దు. కంపెనీ అధికారిక మెయిల్‌కి పంపి, అదే కాగితం రిజిస్టరైన చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపండి. సేల్స్‌మన్‌కి ఫోన్ చేసి చెబితే "నేను చూసుకుంటా సార్" అంటాడు. ఆ చూసుకోవడం కటింగ్ అయ్యేదాకా సాగుతుంది. "హోల్డ్‌లో పెట్టండి" అని కూడా రాయకండి, హోల్డ్ అంటే రద్దు కాదు.

జవాబు రాకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాట్సాప్ అయితే 8800001915. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి పంపి జవాబు రాబట్టగలరు, ఆదేశించలేరు. ఆ పై మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ముంబయిలో ఉన్నా మీరు ఉండే చోటే, ఇక్కడే వేయొచ్చు. కట్టిన మొత్తం 50 లక్షల దాకా జిల్లా కమిషన్, అందులో 5 లక్షల దాకా ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. లాయరు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. ఒక మెలిక ఉంది. సేవాలోపం, అన్యాయ వ్యాపార పద్ధతి అని వేస్తే జిల్లా కమిషన్ వింటుంది. "ఈ షరతే అన్యాయమైన ఒప్పందం, కొట్టేయండి" అని అడగాలంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. ఫిర్యాదులో ఏం అడుగుతున్నారో చూసుకుని రాయండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు సంతకం పెట్టించుకుని వెళ్లారండి. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

వయసైనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదండీ. కానీ అబద్ధం చెప్పి ఒప్పించినట్టు చూపగలిగితే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో ఉంది. కాబట్టి ఇవాళే అమ్మగారిని కూర్చోబెట్టి ఏం చెప్పారో, ఏ పరీక్ష చూపించారో ఆవిడ మాటల్లోనే రాయించండి, తేదీ వేయండి. గేటు యాప్‌లో వచ్చిన సమయం, వెళ్లిన సమయం ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీయండి. రద్దు మెయిల్‌లో ఆ అబద్ధం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. మెషీన్ బిగించి ఉంటే వాడటం ఆపేయండి. వాడుతూ వద్దంటే ఎవరూ నమ్మరు.

ప్రశ్న: అడ్వాన్సు సేల్స్‌మన్ నంబరుకే గూగుల్ పే చేశాం.

కట్టేముందు తెరమీద కంపెనీ పేరు కాకుండా మనిషి పేరు వస్తే ఆగిపోవాలి. ఇప్పుడు జరిగిపోయింది గనక, ఆ లావాదేవీ నంబరు పెట్టి "మా ఆర్డరుకు ఈ మొత్తం అందినట్టు ధ్రువీకరించండి" అని కంపెనీకి మెయిల్ చేయండి. రద్దు మాట తరువాతి మెయిల్‌లో. ముందు అందిందని వాళ్ల చేత రాయించుకోండి. కాదన్నారంటే అది మోసం కేసు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కి పదేళ్ల వారంటీ ఇస్తున్నారు. నమ్మొచ్చా?

వారంటీ ఎవరిస్తున్నారో చూడండి. రసాయనం తయారుచేసిన కంపెనీ డబ్బా మీద ఇచ్చే వారంటీలో సాధారణంగా కూలీ ఉండదు. పూసిన కాంట్రాక్టరు ఇస్తే, అతను పదేళ్లు ఉండాలి. అందుకని డబ్బు పట్టుకునే దారి ఇంకోటి ఉంది. మొత్తంలో పదో వంతో ఆ పైనో పరీక్ష అయ్యేదాకా ఇవ్వనని ముందే రాయించండి. పూత ఆరాక నీళ్లు పోయే కన్నాలు మూసి, గట్టు కట్టి, రెండంగుళాల నీళ్లు నిలపండి. కింది స్లాబుకి, పారాపెట్ గోడ కలిసే మూలలకి ఉన్న చెమ్మ మచ్చల చుట్టూ చాక్‌తో గీతలు గీసి ఫోటోలు తీసుకోండి. 48 గంటల తరువాత మళ్లీ అక్కడే ఫోటో. మచ్చ పెరక్కపోతే మిగతా డబ్బు ఇవ్వండి, పెరిగితే ఆ ఫోటోలే మీ ఫిర్యాదు.